ఖాళీ చేస్తామన్న మాట

రాజమండ్రిలో మేము అద్దెకున్న వీధిలో ఇల్లు ఖాళీ చేయదలచినవాళ్లు ఒక నెల ముందు చెప్పేవారు. కాగితం ఏమీ ఉండదు. సాయంత్రం ఇంటివారు వరండాలో కూర్చున్నప్పుడు వెళ్లి నిలబడి, వచ్చే నెలకి ఖాళీ చేస్తామండీ అంటే సరిపోయేది. ఆ మాట నేను ఒకే ఇంట్లో రెండుసార్లు చెప్పాను.

మొదటిసారి చెప్పేనాటికి అక్క ఆసుపత్రిలో ఉంది. అక్కా నేనూ ఆ ఇంటి పై వాటాలో చాలా ఏళ్లుగా ఉంటున్నాం. ఇద్దరం పెళ్లి చేసుకోలేదు. తను హైస్కూల్లో సోషల్ చెప్పేది. నేను ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసేదాన్ని. తణుకు దగ్గర నాన్నగారి ఇల్లు ఎప్పుడో అమ్మేశారు. ఆ రోజు డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, ఇక చేయగలిగిందేమీ లేదు, కావాలంటే ఇంటికి తీసుకువెళ్లండి అన్నారు. నేనేమీ చెప్పకముందే అక్కకు అర్థమైంది.

"ఇంటికి తీసుకుపోవే," అంది.

తనకు ఇల్లంటే ఆ పై వాటా. అది మాది కాదు.

అద్దెకు దిగేటప్పుడు నీళ్ల గురించి, కరెంటు మీటరు గురించి, గేటు వేసే వేళ గురించి మాట్లాడుకుంటారు. అద్దెకున్నవాళ్లు ఆ ఇంట్లో చనిపోకూడదన్న సంగతి ఎవరూ ఎత్తరు. అది అందరికీ తెలుసు. మా ఎదురింట్లో అద్దెకున్న గుమాస్తాగారి తండ్రికి ఊపిరి అందకపోతే, అప్పటికప్పుడు వ్యాన్ మాట్లాడి సొంతూరికి బయల్దేరదీశారు. వంతెన దాటకముందే ఆయన పోయారు. వ్యాన్ వెనక్కి తిరగలేదు. మాకు అలా వెళ్లడానికి ఊరు కూడా లేదు. చావు గురించి నేను చాలా పుస్తకాలు చదివాను. ఇంటివాళ్ల అనుమతి గురించి వాటిలో ఎక్కడా లేదు.

రిక్షాలో ఇంటికి వస్తూ ఒక ఆలోచన చేశాను. నెలాఖరుకు ఖాళీ చేస్తామని ముందే చెప్పేస్తే, తర్వాత వాళ్లు సున్నాలు వేయించి, పుణ్యాహవచనం చేయించుకుని, సంగతి తెలియనివాళ్లకు అద్దెకిచ్చుకోవచ్చు. అక్క కోసం నేను ఇవ్వగలిగింది అదొక్కటే.

ఇంటాయనకు ఇనుప సామాన్ల కొట్టు ఉండేది. ఆ సాయంత్రం ఆయన వరండాలో ఉన్నారు. ఆయన భార్య గుమ్మంలో నిలబడ్డారు. ఆయన తల్లిని మేము మామ్మగారనేవాళ్లం. ఆవిడ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. ఖాళీ చేస్తామన్నాను. రేపు అక్కను తీసుకొస్తానన్నాను. ఆ రెండింటికీ సంబంధమేమిటో చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది.

ఆయన లేచి లోపలికి వెళ్లారు. భార్య కూడా వెళ్లారు. వాళ్ల అమ్మాయికి అప్పుడే సంబంధాలు చూస్తున్నారు. ఇలాంటిది జరిగితే మన గుమ్మం ఎవరు తొక్కుతారని ఆవిడ అడగడం వినిపించింది. ఆ మాటలో నాకు తప్పు కనిపించలేదు. తర్వాత కాసేపు కాగితాలు తిప్పుతున్న చప్పుడు.

మామ్మగారు చేతిలో పని ఆపలేదు. "ఏరా, పంచాంగం తిరగేస్తున్నావా?" అని లోపలికి వినబడేలా అడిగారు. "పనిలో పని, నాది కూడా చూసిపెట్టు. నేనూ ఈ ఇంట్లోనే పోవాలి కదా." అని నా వైపు తిరిగి, "కూచోవమ్మా. ఎంతసేపలా నిలబడతావు?" అన్నారు.

నేను కూర్చోలేదు.

ఆయన బయటికి వచ్చి, నా వైపు చూడకుండా చెప్పారు. "తీసుకురండమ్మా. ఖాళీ మాట తర్వాత చూసుకుందాం."

మర్నాడు అక్కను కుర్చీలో కూర్చోబెట్టి మెట్లెక్కించారు. కుర్చీకి ఒక పక్క ఆయనే పట్టుకున్నారు. వాళ్లతో చెప్పే తెచ్చావా అని అక్క అడిగింది. చెప్పానన్నాను. కళ్లు మూసుకుంది. కాసేపయ్యాక, మధ్యాహ్నం పూట బల్లలు లాగొద్దని, కింద మామ్మగారు పడుకునే వేళని గుర్తుచేసింది.

వారం తిరక్కుండానే, ఒక తెల్లవారుజామున, తన గదిలో పోయింది.

పురోహితుడు వచ్చి నక్షత్రం మంచిది కాదన్నాడు. ఇల్లు మూడు నెలలు మూసేయాలన్నాడు. పై వాటా సంగతేననుకున్నాను. కాదట. ఇల్లంతా ఒకటే కాబట్టి కింద కూడా దీపం పెట్టకూడదట. నేను ఇంటాయన వైపు చూశాను. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు.

దినవారాలయ్యాక అందరం ఒకే రోజు బయల్దేరాం. నేను ఒక స్నేహితురాలి ఇంటికి, వాళ్లు మండపేటలో ఇంటావిడ అన్నగారింటికి. ఆవిడ నాతో మాట్లాడకుండానే కారెక్కారు. మామ్మగారు కారులోంచి చెయ్యి చాపి నన్ను దగ్గరికి పిలిచారు.

"ఆ వారమంతా మంచిది కాదని వాడికి ఆ రోజే తెలుసమ్మా. రాత్రి నాకూ చెప్పాడు. మూడు నెలలే కదరా, మళ్లీ వచ్చేస్తాం కదా అన్నాను."

గడువు తీరి ఇల్లు తెరిచారని కబురొస్తే వెళ్లాను. వరండాలో మంచం లేదు. ఇంటాయన కొట్టుకు వెళ్లారు. ఆవిడే బయటికి వచ్చారు. అక్క పోయిన తర్వాత ఆవిడ నాతో మాట్లాడటం అదే మొదలు.

"అత్తయ్యగారు పోయారండి, మండపేటలో," అన్నారు. "ఇంటికి తీసుకుపొమ్మని ఒకటే అడిగారు. మూసిన ఇల్లు ఎలా తెరుస్తామండీ? ఆఖరిదాకా అక్కడే ఉంచుతామని మా వదినతో నేనే చెప్పాల్సొచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పాను."

పైన సున్నం వేయించామని, నేను వస్తాననే ఎవరికీ ఇవ్వలేదని ఆవిడే అన్నారు. అక్క గది కిటికీ కింది నుంచి కనిపిస్తోంది. తలుపులు తీసి ఉన్నాయి.

"వచ్చే నెలకి ఖాళీ చేస్తానండీ," అన్నాను.

ఎందుకని ఆవిడ అడగలేదు. "కూచోండి," అన్నారు.

మామ్మగారి మంచం ఉండే చోట ఒక కుర్చీ వేసి ఉంది. ఈసారి కూర్చున్నాను.