మగ్గం ఉన్న ఇల్లు

తిమ్మమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆమె నోటి గురించి చెప్పాలి. గద్వాలలో ఆ మగ్గాల వాడ మొత్తానికీ ఆ నోటికి జడవనివాళ్లు ఇద్దరే. ఒకరు మొగుడు ఈరన్న. అవసరాన్ని బట్టి చెవుడు తెచ్చుకోవడం ఆయనకు చిన్నప్పుడే వచ్చిన విద్య. రెండో మనిషి పక్కింటి జములమ్మ. ఆమె సంగతి వేరు. ఆమె అసలు తిమ్మమ్మతో మాట్లాడదు.

మాట్లాడదు కానీ రోజూ పొద్దున వచ్చి తిమ్మమ్మ పక్కనే మగ్గం మీద కూర్చుంటుంది. వినేవాళ్లకు విడ్డూరంగా ఉంటుంది కానీ గద్వాల చీర నేసేవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. ఆ చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెంటినీ విడివిడిగా నేసి కుట్టడం కాదు, నేస్తూ నేస్తూనే పోగుకు పోగు పెనవేయాలి. తిమ్మమ్మ తన నాడెతో, అంటే పోగును అటూ ఇటూ దాటించే కర్రతో, నూలు పోగు విసిరితే, అంచు దగ్గర కూర్చున్న జములమ్మ తన నాడెతో పట్టు పోగు అందుకోవాలి. ఒక్క మనిషి రెండు చేతులతో తెమిలే పని కాదది. జములమ్మ భర్త పోయాక ఆమె ఇంట్లో మగ్గం మూలపడింది. అప్పటి నుంచి ఆమె బతుకు కూడా తిమ్మమ్మ ఇంటి గుంత మగ్గం మీదే నడుస్తోంది.

మరి మాటలెందుకు లేవంటే, అది పడుగు తెచ్చిన తంటా. నేతకు ముందు పడుగును, అంటే పొడుగు పోగులన్నీ కలిపి, సందు పొడుగునా సాగదీసి గంజి పట్టిస్తారు. పొద్దున్నే సందంతా తెల్లటి దారాలు పరుచుకుని ఉంటాయి, మనుషులు గోడల వారగా నడుస్తారు. కిందటి ఏడాది ఒక రోజు అట్లా తిమ్మమ్మ పడుగు కట్టుకుని ఉంటే జములమ్మ అల్లుడు అయిజ నుంచి బండి మీద వచ్చి నేరుగా దాంట్లోకి దూరాడు. పోగులు పుటుక్కుమన్నాయి. తిమ్మమ్మ ఊరుకుంటుందా? అల్లుణ్ణీ అల్లుడి కళ్లనూ కలిపి నాలుగు అనేసింది. ఇంటికొచ్చిన అల్లుణ్ణి అన్నాక ఏ అత్త సహిస్తుంది? ఆ రోజు నుంచి మాట బంద్. ఏదైనా చెప్పాల్సి వస్తే ఇద్దరూ ఈరన్న మీదుగా చెప్పుకుంటారు.

"రేపు జర పెందలాడే రమ్మను," అంటుంది తిమ్మమ్మ, జములమ్మ మోచెయ్యి తనకు తగులుతుండగానే.

"ఆమె లేవక ముందే నేనొచ్చి కూసుంట అని చెప్పు," అంటుంది జములమ్మ. ఈరన్న ఎవరికీ ఏమీ చెప్పడు, బీడీ ముట్టించుకుంటాడు. పని మాత్రం ఏనాడూ ఆగలేదు.

ఇట్లా ఉండగా ఊరికి కొత్త మాస్టర్ ప్లాన్ తయారవుతోందని, సర్వేవాళ్లు చేతుల్లో ట్యాబులు పట్టుకుని వాడవాడా తిరిగారు. ఏ ఇల్లు ఉండటానికి, ఏది దుకాణం, ఏది కార్ఖానా అని రాసుకోవడం వాళ్ల పని. మన వాడలో మాత్రం ఎవరు పుట్టించారో, పుకారు ఇంకోలా వచ్చింది. ఇల్లంతా పనికే వాడుతున్నట్టు కనబడితే మగ్గం షెడ్డుకు సర్కారు సాయం వస్తుందట. ఇంకేం, తెల్లారేసరికి మంచాలు మిద్దెలెక్కాయి. బొంతలు, బిందెలు, దేవుడి పటాలతో సహా మాయం. ఈ తరలింపు అంతటికీ పెద్దరికం వహించింది మన తిమ్మమ్మే. పొయ్యి మీద గోనెపట్టా కప్పి, దాని మీద దారం కండెలు పేర్చి, వచ్చిన సర్వే పిల్లవాడితో నిబ్బరంగా చెప్పింది. "ఈడ ఎవరు పండరు సార్. మొత్తం పనే."

పిల్లవాడు అదే రాసుకుపోయాడు.

షెడ్డు రాలేదు. వచ్చింది వాన. ఆ ఏడాది వానలకు తిమ్మమ్మ ఇంటి పైరేకులు చిల్లులు పడి మగ్గం గుంతలోకి నీళ్లు దిగాయి. సగం నేసిన చీర మీద తుప్పు మరక పడింది. మరక పడిన ముక్కను తిమ్మమ్మ కోసి పెట్టెలో దాచింది. ఇక లాభం లేదని, రేకులు పీకి స్లాబు వేయించుకుందామని, ప్లాన్లు గీసే రమేష్ చేత గీయించి పర్మిషన్‌కు పెట్టించింది. నెల తిరక్కుండానే రమేష్ మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"పెద్దమ్మా, ఇయ్యరట. కొత్త ప్లాన్‌ల మీ వాడంత నివాస ప్రాంతం. మీ ఇల్లేమో కార్ఖానా అని ఎక్కింది. నివాసాల నడుమ కార్ఖానాకు కొత్తగ కట్టుకునేటందుకు పర్మిషన్ ఉండదు. మగ్గం ఊరి బయటికి తీస్కపోతె ఇస్తరంట."

"ఊరి బయట నేను నేస్తుంటె నా పొయ్యి ఎవరు చూస్తరు రా? కూర ఉడికే లోపట జానెడు నేస్త నేను. గట్ల గాకపోతె నాకు రోజు గడువదు."

ఇది అబద్ధం కాదు. ఆ ఇంట్లో మగ్గానికీ పొయ్యికీ మధ్య గోడ లేదు. పిల్లలు పుట్టినప్పుడు మగ్గం పై దూలానికే ఉయ్యాల కట్టింది. మగ్గం పోతే ఇల్లు ఉంటుంది గానీ బతుకు ఉండదు, మగ్గం ఉంచుకుంటే కురిసే రేకుల కిందే ఉండాలి. జములమ్మకైతే ఆ ఎంచుకోవడం కూడా లేదు. తిమ్మమ్మ మగ్గం కదిలితే ఆమె కూర్చునే చోటే ఉండదు.

ఆ ప్లాన్ ఇంకా ఖాయం కాలేదు, దాని మీద అభ్యంతరాలు వినడానికి ఒక ఫంక్షన్ హాల్లో మీటింగు పెట్టారు. కుర్చీలో కూర్చున్నది పూర్ణిమ అనే టౌన్ ప్లానింగ్ ఆఫీసరు. వయసు తక్కువే గానీ ఓపిక పెద్దది. డ్రైనేజీ వాళ్లు, ప్లాట్ల వాళ్లు అరిచి వెళ్లాక తిమ్మమ్మ లేచింది.

"మేడం, తప్పు మాదే. మీ పిలగాడు వచ్చిననాడు మేము మంచాలు దాసిపెట్టినం. షెడ్డు వస్తదని ఆశపడ్డం. మేము గాడనే తింటం, గాడనే పంటం."

హాలు గొల్లుమంది. పూర్ణిమ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత ప్లాన్ ముసాయిదా తీసి ఓపిగ్గా చదివి వినిపించింది. "ఇల్లని తేలితే ఒక దారి ఉందమ్మా. దీంట్లో 'గృహ వృత్తి' అని ఒకటి రాశారు. నివాస గృహంలో, ఆ ఇంట్లో ఉండే కుటుంబ సభ్యులు మాత్రమే చేసుకునే పని అని అర్థం. దానికి పర్మిషన్ ఇవ్వొచ్చు. బయటి మనుషులు వచ్చి పనిచేస్తే మాత్రం అది కార్ఖానా కిందికే పోతుంది. మీ దగ్గర బయటివాళ్లు ఎవరైనా చేస్తారా?"

"ఎవ్వరు లేరు మేడం, అందరం ఇంటోళ్లమే," అని వాడ వాడంతా ఒక్క గొంతుతో అంది. తిమ్మమ్మ గొంతు మాత్రం అందులో కలవలేదు. ఆమె పక్కకు చూసింది. రెండు వరసల అవతల జములమ్మ తల వంచుకుని కొంగు అంచు మడతపెడుతోంది.

"సరే, గురువారం నేనే వచ్చి చూస్తాను," అంది పూర్ణిమ.

ఇక చూడండి వాడలో హడావుడి. మొన్న దాచిన మంచాలు ఇప్పుడు గుమ్మాల్లోకి వచ్చి కూర్చున్నాయి. ఎవరింట్లో ఎవరు నేస్తున్నారో వాళ్లందరికీ రాత్రికి రాత్రి చుట్టరికాలు పుట్టాయి. పక్కింటామె వదినైంది, ఎదురింటాయన మేనమామ అయ్యాడు. ఈరన్న కూడా చెవుడు పక్కన పెట్టి సలహా ఇచ్చాడు.

"ఏమే, జములమ్మను తోడికోడలని చెప్పు. మీరిద్దరు మాట్లాడుకోరు గద, మేడం సక్కగ నమ్ముతది."

ఆ మాటకు తిమ్మమ్మకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. "మొన్న ఇల్లును కార్ఖానా చేస్తిమి. ఇయ్యాల పక్కింటామెను తోడికోడలు చేస్తమా? రేపు ఇంకేమన్న అడిగితె ఇంకేం జేస్తవ్? ఈ పారి నేను గిన్నె గూడ కదలనియ్య."

గురువారం పూర్ణిమ వచ్చేసరికి పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. మంచం మీద ఈరన్న బనియన్ ఆరేసి ఉంది. మగ్గం మీద ఇద్దరూ ఉన్నారు. ఒకరు విసురుతున్నారు, ఒకరు అందుకుంటున్నారు, నూలు పట్టులో కలుస్తోంది, ఒక్క మాట లేదు. గుమ్మం దగ్గర వాడంతా మూగింది. పూర్ణిమ కాసేపు కళ్లప్పగించి చూసింది.

"ఈమె మీకేమవుతారమ్మా?"

జములమ్మ చెయ్యి అంచు దగ్గరే ఆగిపోయింది. అబద్ధమాడితే స్లాబు పడుతుంది. ఒక్క మాటే కదా, ఎవరికి నష్టం? గుమ్మంలోని కళ్లన్నీ తిమ్మమ్మ నోటి మీదే ఉన్నాయి. జీవితంలో మొదటిసారి ఆ నోరు వెంటనే తెరుచుకోలేదు.

"ఏమీ కాదు మేడం," అంది చివరికి. "సుట్టం కాదు, పక్కం కాదు. పక్కింట్ల ఉంటది. నాతోని మాట్లాడదు గూడ. ఆమె అల్లున్ని నేను అనరాని మాట అన్న, అది నా తప్పే. కని ఆమె లేకుంటె ఈ చీర లేదు. ఆమెను పనిమనిషి అంటె గూడ అబద్ధమే, కుటుంబం అంటె గూడ అబద్ధమే. మీ కాయితంల గీ రెండే ఉన్నయి. ఆమె ఏడ కూసోవాలె?"

గుమ్మంలో ఎవరో నెత్తి కొట్టుకున్న చప్పుడు వినబడింది. పూర్ణిమ మాత్రం కోపగించుకోలేదు. మంచం మీద బనియన్ పక్కకు జరిపి కూర్చుంది.

"ఇప్పుడు రాసి ఉన్న ప్రకారం నేను పర్మిషన్ ఇవ్వలేనమ్మా, నిజమే చెప్తున్నా. కానీ ఇది ఇంకా ముసాయిదానే. రాసింది మార్చడానికే అభ్యంతరాలు అడుగుతున్నాం. అయితే అందరూ నిజం చెప్తేనే మార్చమని నేను రాయగలను. ఇక్కడ పని ఎట్లా జరుగుతుందో మొదటి నుంచీ చెప్పండి."

అప్పుడు జములమ్మ నోరు విప్పింది, మేడంతోనే. పడుగు సందులో ఎందుకు సాగదీయాలో, అందుకు ఇరుగుపొరుగు చేతులు ఎన్ని కావాలో, ఈ మనిషి ఆ మగ్గం మీద, ఆ మనిషి ఈ మగ్గం మీద ఎందుకు కూర్చుంటారో అన్నీ చెప్పింది. ఆమె ఆగిన చోట తిమ్మమ్మ అందుకుంది. తిమ్మమ్మ మరిచిన చోట జములమ్మ సరిదిద్దింది. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే మగ్గం మీద చేసిన పనే మాటల్లోనూ చేశారు. అది చూసి గుమ్మంలోని వదినలూ మేనమామలూ సిగ్గుపడి, చుట్టరికాలు వదిలేసి ఒక్కొక్కరే నిజం చెప్పడం మొదలుపెట్టారు. పప్పు మాడిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత కాలం గడిచింది, ఇంకో వానాకాలం కూడా గడిచింది. తిమ్మమ్మ మగ్గం మీద టార్పాలిన్ కప్పుకుని ఓర్చుకుంది. మార్పులు ఖాయమయ్యాక అదే ఫంక్షన్ హాల్లో పూర్ణిమ మైకు పట్టుకుని చదివింది.

"నివాసం: మనుషులు వండుకుని, తిని, నిద్రించే ఇల్లు. ఆ ఇంట్లో చేనేత మగ్గం ఉన్నా అది నివాసమే. గృహ వృత్తి: నివాసంలో ఆ ఇంటివాళ్లు, వాళ్లకు పని తోడుగా వచ్చే ఇరుగుపొరుగువాళ్లు కలిసి చేతులతో చేసే పని. ఆ పనికి అవసరమైన మేరకు పొద్దుటిపూట సందులో పడుగు సాగదీసుకోవడం కూడా ఇందులో భాగమే."

హాలు దద్దరిల్లింది. ఎవరో ఈలేశారు. వినబడనివాడిలా బతికే ఈరన్న అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టాడు. తిమ్మమ్మ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. కళ్ల నీళ్లు బొటబొటా కారిపోతుంటే తుడుచుకోకుండా అట్లాగే కూర్చుంది. ఎన్నో ఏళ్లుగా తను ఉంటున్నది ఇల్లేనని, తను చేస్తున్నది ఆ ఇంటి పనేనని ఈ రోజు మైకులో విన్నది. ఆమె గర్వం పట్టడానికి ఆ హాలు చాల్లేదు.

స్లాబుకు ముందు రమేష్ కొత్త ప్లాన్ గీసుకొచ్చాడు. కిటికీ తిమ్మమ్మ కూర్చునే వైపు పెట్టాడు. ఆమె దాని మీద వేలు పెట్టి అవతలి వైపుకు జరిపింది.

"ఈడ గాదు రా. అంచు దిక్కు పెట్టు. పట్టు పోగు సన్నగుంటది, అటు కూసునేటామెకు వెల్తురు గావాలె."

పర్మిషన్ వచ్చింది, ఇల్లు లేచింది. పాత చోటే గుంత తవ్వారు, మగ్గం దింపారు. మొదటి రోజు పొద్దున వాడంతా వచ్చి బెల్లం నోట్లో వేసుకుని వెళ్లింది. అందరూ వెళ్లాక జములమ్మ వచ్చింది. కొత్త గోడను చేత్తో తడిమింది. తన వైపున్న కిటికీని చూసింది, తిమ్మమ్మ వైపున్న ఉత్త గోడనూ చూసింది. తర్వాత తన చోట కూర్చుని నాడె చేతిలోకి తీసుకుంది.

ఈరన్న బీడీ ముట్టించబోతూ ఆగాడు. తన మీదుగా ఏదో కబురు రాబోతుందనుకున్నాడు. ఈసారి ఆయనతో పని పడలేదు.

"తిమ్మక్కా," అంది జములమ్మ, "పొద్దెక్కితె ఎండ పట్టు మీద గొడ్తది. దానికి ఓ పరదా కట్టు."

"కడ్త," అంది తిమ్మమ్మ. తుప్పు మరక పడిన ఆ పాత చీర ముక్క పెట్టెలోంచి తీసి, లేచి వెళ్లి, కిటికీకి కట్టింది.