మాయక్క కాచిన బీడు

తమిళ సీమలో కోవిల్పట్టికి తూర్పున ఉండే మా ఊరికి మొదటి ఇనుప నాగలి తెచ్చినవాణ్ణి నేను. ఐదో తరగతి చదివినాను, మూడు బావులు తవ్వించినాను. నా ఎద్దులను చూసేదానికి సాత్తూరు నుంచి మనుషులు వచ్చేవాళ్లు. ఇవన్నీ నా చేతి పనులు. కాని మా ఇంటికి మిగిలిన పద్దెనిమిది ఎకరాల గడ్డిబీడు నా గొప్ప కాదు. అది మాయక్కాళ్ పెట్టిన భిక్ష. అందుకే ఆమెను గురించి రాస్తున్నాను.

మాయక్కాళ్ గొర్రెల కాపరి. పెనిమిటి పోయినాక నలభై గొర్రెలతో ఒంటిగా నిలిచిన మనిషి. మా తాత నాటి నుంచీ వాళ్ల మంద ఆ బీడులో మేసేది. బదులుగా కోతలు అయినాక మా చేలలో మంద కట్టి ఎరువు ఇచ్చేవాళ్లు. నక్క వస్తే కర్ర ఎత్తే ఆ మనిషి, దుబ్బులో పూరేడు పిట్ట గుడ్లు కనబడితే మాత్రం మందనంతా చుట్టు తిప్పి తోలేది.

1928 చిత్తిర నెల. విరుదునగర్ వ్యాపారులు మా కరిసల్ నల్లరేగడి నేల పత్తికి ఎగబడుతున్న రోజులు. బీడు దున్ని పత్తి వేద్దామని నాగలి కట్టుకొని పోతిని. గడ్డి అంతా ఎండి తుక్కులాగా ఉండె. మాయక్కాళ్ వచ్చి ఎద్దుల ముందర నిలబడె.

"మేత పోతే మందను కసాయికి అమ్మాల్సిందే సామీ. నాకు వేరే బతుకు లేదు."

"చచ్చిన గడ్డికి కాపలా ఏమిటి మాయక్కా? జరుగు."

"చచ్చిందా? అయితే ఒక్క దుబ్బు పెరికి చూపించు."

ఊళ్లో రాతిగుండు ఎత్తి భుజం మీదుగా వెనక్కి వేసినవాణ్ణి నేను. రెండు చేతులా పట్టి లాగితిని. అరచేతులు కోసుకుపోయె గాని దుబ్బు కదల్లేదు.

"ఏం సామీ, పొద్దున సంగటి తినలేదా?" అనె. నా సేద్యగాడు ఇసక్కిముత్తు మొగం అటు తిప్పుకొని నవ్వె.

ఎండకు నేల బారెడు పగిలి ఉండె. ఆమె నన్ను వంగమని ఆ పగులులోకి చూపించె. వేర్లు మోకాలిలోతు దాటి దిగి ఉండె. దుబ్బు మొదలు గిల్లితే తెల్లగా తడి.

"ఒక్క వాన పడనీ సామీ. ఎనిమిది నాళ్లలో పచ్చబడకపోతే నువ్వు దున్ను. మందను నేనే తోలుకొనిపోయి అమ్ముతాను."

ఓడేది ఆమే అనే ధైర్యంతో సరే అంటిని. మరునెల వైకాశిలో పెద్దవాన కొట్టె. ఆరోనాటికే బీడంతా చిలకపచ్చ! అదే వాన, నేను లోతుగా దున్నిన పై చేని మట్టిని వాగుకు ఈడ్చుకుపోయె. బీడులో ఒక్క గండి పడలేదు. మాట ప్రకారం నాగలి పక్కన పెడితిని.

ఐదేండ్లకు, దీపావళి నాళ్లలో పడాల్సిన ఐప్పసి వాన తప్పె. ఒక్క జల్లుతో సరి. చొప్పవామి అయిపోయె, నా ఎద్దులకు పక్కటెముకలు తేలె. బీడు నాదే, అయినా ఎద్దులను మేపుకోనిమ్మని పోయి ఆమెను అడిగితిని.

"ఇప్పుడు కాదు సామీ. గింజ ఇంకా రాలలేదు. రాలకముందే మేపితే వచ్చే ఏడు మన్నే మిగులుతుంది. పది నాళ్లు ఆగు."

"అంతదాకా ఎద్దులు ఏం తినాల?"

"తుమ్మకాయలు ఏరి పెట్టినాను. నా గొర్రెలతోపాటు తింటాయి. ఎద్దులకేం నామోషీ లేదు, నీకుంటే చెప్పు."

పది నాళ్లూ అవే తిన్నాయి. పదకొండోనాడు కబురంపి సగం బీడు తెరిచె. మిగతా సగానికి ముల్లుకంప అడ్డం వేసె. దానిని నెల తర్వాతగాని తీయలేదు. చుట్టుపక్కల ఊళ్ల ఎద్దులు సంతకు పోతుంటే, నా జత కొట్టంలోనే నిలిచె. ఆమె మందలోనూ ఒక్కటి తగ్గలేదు.

మరుసటి ఏడు వాన దిగె. పై చేనికి నాగలి కట్టేముందు బీడుగట్టు దాకా నడిచిపోయి, నలుగురూ చూస్తుండగానే మాయక్కకు దండం పెడితిని.

"నాకెందుకు సామీ? పోయి ఎద్దులకు పెట్టు. ఆకలికి ఓర్చింది అవి" అని మందను అదిలించుకొని పోయె.