గుమ్మం దాకా వెళ్లే పిన్ని

ఇరవై ఆరేళ్లుగా ఆ బట్టల కొట్టులో లైనింగు గుడ్డలమ్ముతున్న, అందరూ పిన్ని అని పిలిచే ఆమెకు కూర్చునే హక్కు లేదు. కొనేవాళ్లకు కుర్చీలు, అమ్మేవాళ్లకు కాళ్లు! ఇన్నాళ్లూ ఆమె నోరెత్తలేదు. ట్యూబులైటు అబద్ధమాడుతుందంటూ ప్రతి ముక్కనూ గుమ్మం దాకా తీసుకెళ్లి, కొనేవాళ్లు తెచ్చిన బట్టతో ఎండలో రంగు కలిసిందో లేదో చూస్తుంది. కలిస్తే చంటిపిల్లను నిమిరినట్టు గుడ్డను నిమురుతుంది. నిన్న మోకాలు మొరాయించి, బట్టల మూట మీద క్షణం కూలబడింది.

"ఓపిక లేకపోతే మానెయ్ పిన్నీ, వయసైపోయింది కదా," అన్నాడు యజమాని, తన కుర్చీలోంచి లేవకుండానే.

"వయసు మోకాళ్లకొచ్చింది గాని కళ్లకు రాలేదు బాబూ. ఎప్పుడు మానాలో నేనే చెప్తాలే. ముందు ఓ స్టూలు వేయించు."

వేయించలేదు. ఈ ఉదయం కూడా ఆమె గోడకు నడుము ఆనించి నిలబడే ఉంది. ఈసారి బట్టలు కొనడానికి వెళ్లినప్పుడు, మీకు వేసిన కుర్చీలో వెంటనే కూర్చోకండి. "ఈవిడ కుర్చీ ఏదీ?" అని గట్టిగా అడగండి.