రెండు చందమామల పంచాంగం

ఈ పొద్దున లేచేసరికి ఫోనులో బ్యాంకువాళ్ల శుభాకాంక్షలు వచ్చి ఉన్నాయి. జూలై ఒకటి నా పుట్టినరోజట. మన ఈడువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, ఆ తేదీ అమ్మ చెప్పింది కాదు, బడిలో చేర్చుకున్న మాస్టారు తోచినట్టు వేసింది. మా తరగతిలో సగం మందిమి ఆ రోజే పుట్టాం. ఏటా నవ్వుకునేదాన్ని, ఇప్పుడు నవ్వడానికీ ఓపిక లేదు. ఫోను పక్కన పడేసి కూర్చుంటే, కంప్యూటర్లో కథ రాసుకుంటున్న మనవరాలు, తన కథలో పిల్ల ఉండే లోకంలో చందమామలు రెండనీ, ఆ పిల్లకు పుట్టినరోజు ఎప్పుడు పెట్టాలో తెలియడం లేదనీ అంది. నాకు మా అక్క గుర్తొచ్చింది.

మా చిన్నతనంలో నాన్న రావులపాలెం అరటి మార్కెట్లో గుమాస్తా. ఒకనాడు అక్క తను ఎప్పుడు పుట్టిందో చెప్పమని అమ్మను అడిగింది. వరదొచ్చి తోటలు మునిగిన ఏడు అంది అమ్మ. ఏ తిథి అని అక్క కొంగు పట్టుకుని వదలకపోతే, పొయ్యి దగ్గర సతమతమవుతున్న అమ్మ విసుక్కుని, "పుట్టావు కదే, ఇంకా తిథెందుకు?" అంది. అమ్మను అని ఏం లాభం, చాకిరీతో అలిసిపోయిన మనిషి. కానీ ఆ మాటకు అక్క చాలా బాధపడింది, ఆ పూట అన్నం కూడా తినలేదు.

ఆ తర్వాతే అక్క తనకంటూ ఓ లోకాన్ని కల్పించుకుంది. అక్కడ పెద్ద చందమామ మరిచిపోయినవాళ్లను చిన్న చందమామ గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి తిథి లేనివాళ్లంటూ ఉండరు. గాలిని బస్తాలకెత్తి అమ్మే శెట్టిగారికీ, పడవ లేని సరంగుకీ, అందరికీ పుట్టినరోజులు నిర్ణయించి, తుమ్మముల్లుతో మార్కెట్లోని పచ్చి అరటికాయల మీద గీసేది. గీసినప్పుడు పెద్దగా కనబడదు, కాసేపటికి నల్లగా తేలుతుంది. కాయ మీద గీత పడితే బేరం పోతుందని నాన్న కేకలేశాక గెల కాడల మీదకు మారాం. లారీలెక్కి ఆ పుట్టినరోజులన్నీ ఏ ఊళ్లకు పోయాయో. ఆ లోకంలోనే అచ్చం అక్కలాగా జడ ముందుకు వేసుకునే పిల్ల ఒకతి ఉండేది. దానికి మాత్రం రోజు పెట్టలేదు. ఎందుకని అడిగితే, ఇంకా దొరకలేదే అనేది.

అక్క కిందటి కార్తీకంలో పోయింది. పంతులుగారు వస్తూనే ముందు అడిగింది అక్క పోయిన తిథే. బహుళ పంచమి. సంవత్సరీకం మరిచిపోకూడదని బావగారు కొత్త పంచాంగం కొన్న రోజే దాని చుట్టూ ఎర్రసిరాతో గీసి పెట్టుకున్నారు. చిన్నప్పటి నుంచీ తిథి కోసం వెతుక్కున్న మనిషికి, పోయాక గానీ ఒకటి రాలేదు.

ఈ కాలం పిల్లలకు పుట్టిన ఘడియ నిమిషాలతో సహా ఆసుపత్రి కాగితంలో ఉంటుంది. లేని లోకానికి కూడా కంప్యూటరే క్షణంలో క్యాలెండరు వేసి ఇస్తోంది. మేం వేసవులన్నీ ముళ్లతో గీకింది ఈపాటి పనికా అనిపించి నీరసం వచ్చింది. "ఏ రోజు పెట్టమంటావు అమ్మమ్మా?" అని మనవరాలు మళ్లీ అడిగింది. చందమామలు రెండూ ఒకేసారి నిండే రాత్రి పెట్టమన్నాను. లెక్క చూసి, అది ఎన్నో ఏళ్లకోసారి గానీ రాదు అంది. ఎన్నాళ్లకైనా రానీ, ఆ పిల్లకంటూ ఒక రోజు ఉంటే చాలన్నాను.