నా జబ్బుకు మా ఇంట్లో ఎన్నిక

మా ఇంట్లో ఒకసారి జబ్బుకు ఎన్నిక జరిగింది. రోగిని నేనే. ఓటు మాత్రం నాకు లేదు.

ఎనభైల మొదట్లో సంగతి. తొర్రూరు దగ్గర ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో నేను టీచర్ని. మా ఆయన తొర్రూరులో ఎరువుల దుకాణం నడిపేవాడు. ఆయన అన్న, అంటే మా బావ, ఊరి సర్పంచు. భూములున్న ఇల్లు, ఇద్దరు మగపిల్లలు, నెలనెలా సర్కారు జీతం. ఇన్ని ఉన్న మనిషికి ఏడుపు రాకూడదని మా వైపు ఒక రూలుంది. నాకు వచ్చింది.

మొదట బడిలో వచ్చింది. పొద్దున్నే హాజరు పిలుస్తుంటే పదో పేరో పదకొండో పేరో వచ్చేసరికి కళ్లు నిండిపోయేవి. రిజిస్టరులో అక్షరాలు కనబడేవి కావు. మొదటి వారం పిల్లలు బిక్కచచ్చిపోయి చూశారు. తరువాత అలవాటుపడ్డారు. నేను తల వంచుకోగానే వాళ్లే ఒకరి తరువాత ఒకరు లేచి "ప్రెజెంట్ టీచర్" అని చెప్పి కూర్చునేవాళ్లు. మా బడిలో హాజరు అంత క్రమశిక్షణగా అంతకుముందెన్నడూ జరగలేదు.

ఇంట్లో కూడా అంతే. పిండి కలుపుతుంటే వచ్చేది, పిల్లలకు తల దువ్వుతుంటే వచ్చేది. నిద్ర పట్టేది కాదు. "నీకేం తక్కువ?" అని అందరూ అడిగారు. మా ఆయన అడిగాడు, బావ అడిగాడు, బియ్యం అమ్మడానికి వచ్చిన ఆవిడ కూడా గంప దించి తీరిగ్గా అడిగింది. మొగుళ్లపల్లి నుంచి మా అమ్మ వచ్చి మూడు రోజులుండి, నాకున్నవన్నీ ఒక్కొక్కటే వేళ్ల మీద లెక్కపెట్టి వినిపించి, తృప్తిగా బస్సెక్కింది. అత్తమ్మ కురవి గుడికి పోయి నా పేరున మొక్కుకొచ్చింది. మా ఆయన ఒక టానిక్కు సీసా తెచ్చాడు. దానితో బలం వచ్చింది. ఇంకాస్త గట్టిగా ఏడవగలిగాను.

జనగామలో ఒక పెద్ద డాక్టరున్నాడని నాతో పనిచేసే టీచరు చెప్పింది. పట్నంలో మనసు జబ్బుల దవాఖానలో చాలా ఏళ్లు చేసి రిటైరై సొంతింటికి వచ్చాడట. ఒక ఆదివారం మా ఆయన నన్ను తీసుకుపోయాడు. తీసుకుపోయాడంటే, ఎవరి భార్యనో ఎత్తుకుపోతున్నట్టు బస్సులో నాకు రెండు సీట్ల వెనక కూర్చుని, కొంగు నుదుటి దాకా లాక్కొమ్మని సైగలు చేస్తూ వచ్చాడు.

ఆ డాక్టరు నాలుక చూపమనలేదు. కంటి రెప్ప లాగి చూడలేదు. నీకేం తక్కువ అని కూడా అడగలేదు. గంటసేపు నేను మాట్లాడితే విన్నాడు. అంతసేపు నా మాట విన్న మనిషి నా జీవితంలో అప్పటికి ఇంకెవరూ లేరు. అందుకు కూడా ఏడ్చాను. ఆయన నిద్రకు ఒక మాత్ర రాశాడు. ప్రతివారం రాలేనని చెబితే జాబులు రాయమన్నాడు. "ఏడుపొచ్చినప్పుడల్లా ఒక్కటి రాసుకోమ్మా. అప్పుడు నీ చేతిలో ఏమున్నది? అది రాస్తే చాలు. నేను జవాబిస్త."

అట్లా నా వైద్యం పోస్టులో మొదలైంది. నెలకొకసారి మనియార్డరులో ఆయన ఫీజు పంపేదాన్ని, అదీ మా ఆయన సిగరెట్ల ఖర్చులో సగం ఉండదు. పదిహేను రోజులకొక ఇన్లాండు లెటరు రాసేదాన్ని. గరిటె. పెద్దోడి చొక్కా. బావ గారి చాయ్ గ్లాసు. హాజరు రిజిస్టరు. మా ఆయన దుకాణం తాళంచెవి. ఆయన ప్రతిదానికీ జవాబు రాసేవాడు, సలహాలు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. మూడో నెలకు ఆ జాబితా నాకే కనబడింది. ఏడుపొచ్చినప్పుడల్లా నా చేతిలో నాది కానిదే ఏదో ఒకటి ఉంటోంది. ఆ సంగతి తెలిశాక ఏడుపు పోలేదు గానీ, దాని ముఖం తెలిసింది. హాజరులో ఇరవయ్యో పేరు దాకా పోగలిగాను.

ఇక్కడ మా ఆయన రంగంలోకి దిగాడు. టీచర్లకు మందుల ఖర్చు సర్కారు తిరిగి ఇస్తుందని ఎవరో చెప్పారు. ఊరికే వచ్చేదాన్ని వదులుకోవడం మా అత్తగారింట్లో పాపం కింద లెక్క. ఫారం తెచ్చి ఆయనే నింపి, నన్ను మా జీతాలు చూసే పంచాయతీ సమితి ఆఫీసుకు పంపాడు. అక్కడి గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జాబులకు బిల్లు పెడితే స్టాంపులకు కూడా పెడతారా అని అడిగాడు. పక్క బల్లవాళ్లు నవ్వారు. ఆ తరువాత గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు. "జబ్బు పేరు కాడ మనసని రాస్తే మంచిది గాదు టీచరమ్మా. పిచ్చిదానితోని పాఠాలు చెప్పిస్తున్నరా అని పైనుంచి కాగితమొస్తది. జర మర్యాద గల్ల జబ్బేదన్న రాయించుకరా."

మర్యాద గల జబ్బు కోసమే ఆ సమావేశం. వాకిట్లో పెద్ద మంచం మీద బావ అధ్యక్షుడు. మా ఆయన, అత్తమ్మ సభ్యులు. నేను చాయ్ పోశాను.

టీబీ పేరు ముందు వచ్చింది, చుట్టాలు మంచినీళ్లు కూడా ముట్టరని వెంటనే కొట్టేశారు. ఫిట్స్ అంటే పిల్లలకు కూడా ఉందనుకుంటారు. షుగరు గౌరవమైన జబ్బే, కానీ పండుగకు అరిసెలు తినేటప్పుడు ఎవరైనా చూస్తే అబద్ధం బయటపడుతుందని అత్తమ్మ అంది. గుండె జబ్బుకు మా ఆయన మొగ్గు చూపాడు. గుండె జబ్బున్న మనిషి బస్సులో నిలబడి ఎట్లా పోతుందని బావ అడ్డం తిరిగాడు. బీపీ అప్పటికే బావకు ఉంది. ఇంటికి ఒక్క బీపీ చాలని ఆయన అభిప్రాయం. చివరకు ఆయనే గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు. "ఆడోళ్ల జబ్బని రాయిద్దాం. ఆఫీసుల ఏ మొగోడు గూడ రెండో ప్రశ్న అడగడు."

ఏకగ్రీవంగా నెగ్గింది. బావకు తెలిసిన ఒక డాక్టరు నన్ను చూడకుండానే గర్భసంచి వాపని సర్టిఫికెట్ రాసిచ్చాడు. ఆ కాగితం చూసిన గుమాస్తా తలెత్తితే ఒట్టు. బిల్లు పాసైంది. రెండోదీ పాసైంది. మా ఆయన సంబరంగా నాకు ఎరువుల కంపెనీ క్యాలెండరు ఒకటి తెచ్చిచ్చాడు.

మూడో బిల్లు తిరిగొచ్చింది. ఇన్ని నెలలైనా జబ్బు తగ్గలేదు, తరువాత ఏం చేయబోతున్నారని పై ఆఫీసు అడిగింది. అడిగినప్పుడు ఏదో ఒకటి చెప్పాలి కదా. ఆ తెలిసిన డాక్టరు ఈసారి కూడా నన్ను చూడకుండానే, ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేయాలని రాశాడు. నా ఒంట్లో ఏమీ జరగలేదు. కాగితం మీద జబ్బు ముదిరింది, అంతే.

ఇంట్లో అందరూ నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. కాగితం మీద రెండు ముద్రలున్నాయి. మంచం మీద కూర్చుని ఆ జబ్బును తయారు చేసినవాళ్లే ఇప్పుడు దాన్ని నమ్మారు. ఓటేసింది నువ్వే కదా అని మా ఆయనకు గుర్తు చేశాను. "ఏమో, ఉన్నదేమో. అందుకే ఏడుస్తున్నవేమో" అన్నాడు. డాక్టరు ఊరికే రాస్తాడా అని కూడా అడిగాడు. బావ లెక్క ఇంకా తేలిక. ఇద్దరు మగపిల్లలు పుట్టారు, ఇక దానితో పనేముంది? ఖర్చు సర్కారుది. ఎండాకాలం సెలవుల్లో చేయిస్తే జీతం కూడా దండుగ కాదు. ఊరికే వచ్చే ఆపరేషన్ వదులుకునే ఇల్లు కాదు మాది.

నాకు ధైర్యం చెప్పడానికి బావ జీపు కథ ఎత్తుకున్నాడు. పెళ్లైన తొమ్మిదేళ్లలో ఇరవైసార్లైనా విన్నాను. అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం లొల్లి నడుస్తున్నప్పుడు అత్తమ్మకు ఇదే ఆపరేషన్ అయింది. బస్సులు లేవు. మామ ఎవరిదో జీపు అడిగి తెచ్చి వరంగల్ దవాఖానకు బయలుదేరాడు. దారిలో ఒక ఊరి దగ్గర పిల్లలు రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి ఆపారు. అప్పుడు కాలేజీలో చదువుతున్న బావ జీపు మీదికెక్కి జై తెలంగాణ అని నినాదమిస్తే వాళ్లే రాళ్లు తీసి, జీపును ఫర్లాంగు దూరం నెట్టారు. తన రాజకీయ జీవితం అక్కడే మొదలైందని ఆయన చెప్పుకుంటాడు. కథలో మామ ఉన్నాడు, జీపు ఉంది, రాళ్లున్నాయి. వెనక సీట్లో పడుకున్న అత్తమ్మ సామాను కింద లెక్క. ఆమెకు అసలేమైందో ఎవరూ చెప్పలేదు. గడ్డేదో అయి ఉంటుందని నేనూ అడగలేదు. ఆ రోజు కూడా ఆమె చాటలో పప్పు ఏరుకుంటూ వింది.

నాకు భయమేసింది. అంతకంటే గొప్ప మాట ఏదీ దొరకదు. వాళ్లు నన్ను కట్టేసి తీసుకుపోరు. నేనే నడిచిపోయి బల్ల మీద పడుకుంటానని నా భయం. వద్దని చెప్పడం నాకు అలవాటు లేదు. జనగామ డాక్టరుకు జాబులో అంతా రాశాను. ఎన్నిక సంగతి, సర్టిఫికెట్ సంగతి, తేదీ కూడా. ఆపరేషన్ ఇంకా వారం ఉందనగా జవాబొచ్చింది. కోప్పడతాడనుకున్నాను. ఎప్పటి ప్రశ్నే రాశాడు. ఆపరేషన్ మాట విన్నప్పుడు నీ చేతిలో ఏముంది?

ఆలోచించాను. బిల్లు ఫారం ఉంది. పైన నా పేరు, కింద నా సంతకం కోసం ఖాళీ. మధ్యలో జబ్బు పేరు, అది మాత్రం ఈసారి బావ చేతిరాత.

మరునాడు సమితి ఆఫీసుకు పోయి కొత్త ఫారం అడిగాను. గుమాస్తా ముందే నిలబడి జబ్బు పేరు దగ్గర "మనసు బాగలేదు" అని రాశాను. వైద్యం దగ్గర "జాబుల ద్వారా" అని రాశాను. గర్భసంచి వాపన్నది అబద్ధమని అడుగున ఇంకో వాక్యం రాసి సంతకం పెట్టాను. గుమాస్తా చదివి, చుట్టూ చూసి, ఇట్లా రాస్తే బిల్లు రాదన్నాడు, ముందు తీసుకున్నవి కూడా కక్కాలన్నాడు. కక్కుతానన్నాను. రెండు నెలలు నా జీతంలోంచి కోసుకున్నారు. ఫారం మీద ఎర్రసిరాతో రాసి తిప్పి పంపారు: ఈ జబ్బు జాబితాలో లేదు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. సర్కారు లెక్క ప్రకారం నాకు ఏ జబ్బూ లేదు. ఉద్యోగం పోతుందని అందరూ బెదిరించారు గానీ, పోలేదు. నా కాగితం పూర్తిగా చదివే ఓపిక పైన ఎవరికీ ఉండి ఉండదు.

ఇంటికొచ్చి చెప్పాను. బావ పరువు గురించి ఒక ఉపన్యాసమంత మాట్లాడి పంచాయతీ ఆఫీసుకు పోయాడు. ఊరికే వచ్చేదాన్ని కాలదన్నుకున్నానని మా ఆయన గొణిగి దుకాణానికి పోయాడు. అత్తమ్మ ఒక్కతే మిగిలింది. దవాఖానకని ఆమె రెండు రోజుల ముందే సర్ది పెట్టిన సంచి గోడ దగ్గరుంది. దాన్ని ముందుకు లాక్కుని, పాత చీరలు, స్టీలు గ్లాసు, దువ్వెన ఒక్కొక్కటే బయటికి తీసింది. తిడుతుందని చూస్తున్నాను.

"నాగ్గూడ గిట్లనే ఏడుపొచ్చేది బిడ్డా" అంది, చీర మడత పెడుతూనే. "సంచి తీసేస్తె పోతదన్నరు. తీసేసిండ్రు. ఏడుపు పోలే."

తొమ్మిదేళ్లలో ఆమె కళ్లలో నీళ్లు నేను చూడలేదు. ఎప్పుడు ఏడుస్తావని అడిగాను. తానం చేసేటప్పుడని చెప్పింది, పప్పులో ఉప్పెంతో చెప్పినట్టు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. జీపు మీద, రాళ్లు తీసిన పిల్లల మీద, ఇరవైసార్లు విని ఒక్కసారి కూడా అడగని నా మీద.

సంచి ఖాళీ అయ్యాక ఆమె నా పక్కకు జరిగింది. "నీ జాబుల నాయి గూడ రెండు ముక్కలు రాయరాదు."

ఇన్లాండు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన ఏమడుగుతాడో నాకు తెలుసు కాబట్టి నేనే అడిగాను. అప్పుడు నీ చేతిలో ఏముండె అత్తమ్మా?

ఆమె తన చేతులు చూసుకుంది. "గా మాట నన్నెవ్వరడిగిండ్రు" అంది. తరువాత చెప్పడం మొదలుపెట్టింది. కాగితంలో రాయడానికి మూడు మడతలుంటే ఆమెకు ఒకటి వదిలి, రెండు నాకు ఉంచుకున్నాను. నా రెండూ కూడా ఆమెకే పట్టాయి.