హెల్ప్ అవుట్‌కు నేను రాసిన ఉదాహరణ

నేను ఇంగ్లీషు నేర్చుకున్న క్లాసు మా తమిళ టౌనులో ఉప్పళం అనే పేటలో ఒక జెరాక్సు షాపు మేడ మీద జరిగేది. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. బీచ్ రోడ్డుకు రెండు వీధుల వెనక ఉన్న ఒక హోటల్లో దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు చూసి సర్ది గదులకు పంపే పని నాది. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి పెళ్ళి చేసుకొని ఊరు వదిలిపోతోందని తెలియగానే ఆ కుర్చీ మీద నా కన్ను పడింది. మేనేజరును అడిగితే కాదనలేదు గానీ మూడు నెలలు గడువిచ్చాడు. "నీకు ఇంగ్లీషు వచ్చు. కానీ నువ్వు మాట్లాడితే ఇన్‌స్పెక్టరు ముందు పాఠం ఒప్పజెప్పినట్టు ఉంటుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయితే ఆయన అన్నది నిజమే.

క్లాసు చెప్పే సారు రిటైరైన స్కూలు టీచరు, తమిళాయన. మొదటి రోజే మా లోపం ఎక్కడుందో చెప్పేశాడు. మేమందరం పుస్తకాల్లోని పెద్ద పెద్ద క్రియలు నేర్చుకొచ్చాం. ఇంగ్లీషువాళ్ళేమో గెట్, పుట్, లుక్, టేక్ లాంటి చిన్న మాటలు పట్టుకొని, వెనక ఇంకో చిన్న మాట తగిలించి బతుకంతా నడిపేస్తారు. లుక్ ఆఫ్టర్ అంటే చూసుకోవడం. లుక్ ఫర్ అంటే వెతకడం. లుక్ డౌన్ ఆన్ అంటే చులకనగా చూడటం. వీటికి సూత్రమేమీ లేదు, బట్టీ పడితే నిలవదు, ఒక్కో మాటకీ ఒక వాక్యం ఉంటేనే నిలుస్తుంది అన్నాడు సారు. ఆ వాక్యం ఆయన ఇవ్వడు. మేమే రాయాలి, మా బతుకులోదే రాయాలి, అబద్ధం రాయకూడదు. కింద గీత గీసి, ఆ మాట ఎవరితో, ఎప్పుడు, ఎందుకు అన్నామో ఇంట్లో మాట్లాడే భాషలో రాసుకోవాలి. రేపు ఇంగ్లీషు మరిచిపోయినా కింద ఉన్నది చదివితే పైది దానంతటదే వస్తుందని ఆయన నమ్మకం.

క్లాసులో అందరూ కింద తమిళం రాసుకున్నారు. మా ఇంటి భాష తెలుగు. ఇక్కడికి ఎన్ని తరాల కింద వచ్చామో మాకే తెలియదు. మాట మిగిలింది గానీ అక్షరం మిగల్లేదు. నేను చదివింది తమిళ బడి. అందుకని తెలుగునే తమిళ అక్షరాల్లో రాసుకున్నాను. మా వాళ్ళు ఉత్తరాలూ పెళ్ళి సామాన్ల జాబితాలూ అట్లాగే రాస్తారు. తమిళంలో ప, బ రెంటికీ ఒకే అక్షరం, క, గ రెంటికీ ఒకే అక్షరం. తెలుగు మాట ముందే తెలిసినవాడికి తప్ప ఆ రాత బోధపడదు. పక్క బెంచీ అమ్మాయి ఒకసారి నా నోటు తీసి చదవబోయి, "ఏందక్కా ఇది, మంత్రాలా?" అని నవ్వింది.

నాకది భలే సుఖంగా అనిపించింది. తమిళం వాళ్ళు చదవగలరు గానీ అర్థం కాదు. ఆంధ్రా నుంచి వచ్చే టూరిస్టులు చూసినా ఒక్క అక్షరం తెలియదు. పట్టపగలు బస్సులో తెరిచి పెట్టుకోవచ్చు. అంత ధైర్యం దొరికేసరికి నా పెన్ను ఆగలేదు. పుట్ అప్ విత్ అంటే భరించడం, దాని కింద మా అమ్మ గట్టి గొంతు గురించి రాశాను. ఫెడ్ అప్ విత్ అంటే విసిగిపోవడం, దాని కింద బస్సులో ఆమె ముక్కూమొహం తెలియనివాళ్ళకు మా ఇంటి సంగతులన్నీ చెప్పడం గురించి రాశాను. నిజం రాయమన్నారు కాబట్టి రాశానని సర్దుకున్నాను. నిజాలు మా అమ్మలో ఇంకా చాలా ఉన్నాయి. నాన్న పోయాక ఆమె ఒక్కతే నన్ను చదివించింది. అట్లా పెంచి పెద్దచేయడానికీ బ్రింగ్ అప్ అనే మాట ఉంది. ఆ మాట కింద హోటల్ బావిలో పడితే తీసి పెంచిన పిల్లిపిల్ల గురించి రాశాను.

మా అమ్మ కదిర్కామంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఊడ్చి తుడిచేది. తెల్లవారగానే టౌను బస్సెక్కి పోయి పదకొండుకల్లా తిరిగొచ్చేది. ఆఫీసువాళ్ళిచ్చిన నీలం చీర ఒకటి ఉండేది, పని అయినా దాన్ని మార్చేది కాదు. మధ్యాహ్నం నాకు అన్నం హోటలుకు తెచ్చేది. వెనక గేటు దగ్గర వాచ్‌మన్ చేతికి క్యారియరు ఇచ్చి పోవాలని నేను చెప్పి ఉంచాను. ఎందుకని ఆమె ఎప్పుడూ అడగలేదు.

రెండో నెలలో ఒక రోజు బాహూరు నుంచి మా మేనమామ కొత్త బియ్యం పంపాడు. కొత్త బియ్యపు అన్నం, వంకాయ పులుసు నేను వేడిగా తినాలని అమ్మ ఆదరాబాదరాగా బయల్దేరింది. వెనక గేటు వేసి ఉంది, వాచ్‌మన్ లేడు. తిరిగి ముందు వాకిట్లోకి వచ్చేసింది. ఆ రోజు నన్ను అలవాటు కావాలని రిసెప్షన్ పక్కన నిలబెట్టారు. విదేశీ జంట ఒకటి సామాను దించుకొని నిలబడి ఉంది, మేనేజరు వాళ్ళతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. నీలం చీర, చెమట, చేతిలో క్యారియరు. "పాపా, కొత్త బియ్యం! చల్లారకముందే తినేయ్!" అని వాకిట్లోనుంచే కేకేసింది.

మేనేజరు నావైపు తిరిగి, ఆ జంట ముందు, ఎవరని ఇంగ్లీషులో అడిగాడు.

"షీ హెల్ప్స్ అవుట్ ఎట్ అవర్ ప్లేస్" అన్నాను.

మా ఇంట్లో పనికి సాయం చేసే ఆమె అని దాని అర్థం. తడుముకోలేదు. ఆలోచించి అన్న మాట కాదు, అదే వచ్చేసింది. అన్నాళ్ళ చదువులో వాక్యం ముందు కట్టుకోకుండా నా నోట వచ్చిన మొదటి ఇంగ్లీషు అది. మేనేజరు తల ఊపాడు. విదేశీ ఆమె మా అమ్మను చూసి నవ్వి చెయ్యి ఊపింది. ఇంగ్లీషు ముక్క రాని మా అమ్మ కూడా సంబరంగా చెయ్యి ఊపింది. క్యారియరు మెట్టు మీద పెట్టి పోయింది. ఆ అన్నం నేను తిన్నాను. రుచిగా కూడా ఉంది. సిగ్గులేనితనం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ అన్నం సంగతే చెబుతాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ సాయంత్రం క్లాసులో సారు, ఎవరైనా ఒక మాట బయట వాడారా అని అడిగాడు. నేను చెయ్యెత్తాను. వాక్యం చెప్పాను. ఎవరి గురించో చెప్పలేదు. సారు బోర్డు మీద రాయించి, ఇట్లా రావాలి, గాలి పీల్చినంత సులువుగా రావాలి అని మెచ్చుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూర్చొని నోటులో ఆ వాక్యం రాసుకున్నాను. కింద గీత గీసి, సారు నియమం ప్రకారం, ఎవరితో, ఎప్పుడు, ఎందుకు అన్నానో తెలుగులో రాసుకున్నాను. అక్కడ మాత్రం అబద్ధం రాయలేదు.

మేనేజరు నన్ను పరీక్షించే రోజు సోమవారం. ముందురోజు ఆదివారం పొద్దున మొత్తం ఒకసారి తిరగేయాలి. కిందిది ఇంకొకరు చదివితే మనం పైది చెప్పాలి, అదీ సారు పద్ధతే. ఇంట్లో ఉన్నది అమ్మ ఒక్కతే. ఐదో తరగతి దాకా తమిళ బడిలో చదివింది, కూడబలుక్కొని చదువుతుంది. నోటులో ఎక్కడ ఏముందో నాకు తెలుసు. చదవదగిన పేజీల వరకు చూసి మూల మడిచి, అంతదాకానే చదవమని చెప్పాను. నేను గోడవైపు తిరిగి యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్నాను.

అమ్మకు ఆ పని తెగ నచ్చింది. అద్దాలు పెట్టుకొని, గడప మీద వెలుతురులో కూర్చొని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది. నేను చటుక్కున ఇంగ్లీషు చెబితే, "అబ్బో! యాడ నేర్చినావే ఇంత!" అని మురిసిపోయింది. మడిచిన మూల వచ్చినా ఆపలేదు. నేను గమనించలేదు. ఇస్త్రీ చేస్తూ, చెబుతూ, నా తెలివికి నేనే పొంగిపోతూ ఉన్నాను.

"అమ్మ... సాపాడు... ఎత్తుకోని... ముందర వాకిట్లో... నిలబడింది" అని చదివింది. నా చెయ్యి ఆగిపోయింది. ఆమెకు నవ్వొచ్చింది. "నా గురించే రాసినావా?" అని అడిగి వేలు కింది వరుసకు జరిపింది. "ఎవరని... మేనేజరు... అడిగినాడు. మా ఇంట్లో... పనికి..." ప దగ్గర తడబడి మళ్ళీ మొదలుపెట్టింది. "పనికి... వచ్చే ఆమె... అని చెప్పినాను. సిగ్గేసి... చెప్పినాను."

వీధిలో స్కూటర్లు పోతున్నాయి. నేను వెనక్కి తిరగలేదు. ఏదో ఒకటి అనాలి. నోటు లాక్కోవాలి. కాళ్ళ మీద పడాలి. ఇవన్నీ ఇప్పుడు తోస్తున్నాయి. అప్పుడు అమ్మ గొంతు మాత్రం వినిపించింది.

"దీనికి ఇంగ్లీషు ఏంది?"

చెప్పాను. "షీ హెల్ప్స్ అవుట్ ఎట్ అవర్ ప్లేస్." ఒక్క తప్పు లేకుండా చెప్పాను. ఆపితే దాని గురించి మాట్లాడాల్సి వస్తుందని భయపడి చెప్పాను.

"సరిగ్గా ఉండాదా?"

"ఉంది."

పేజీ తిప్పిన చప్పుడైంది. తర్వాతి వాక్యం చదివింది, నేను జవాబిచ్చాను. ఇంకా పదో పన్నెండో వాక్యాలు మిగిలి ఉన్నాయి. ఆమె గట్టి గొంతు, ఫెడ్ అప్ విత్, అన్నీ ఆ పేజీల్లోనే ఉన్నాయి. అన్నీ చదివింది. ప్రతిదానికీ నేను ఇంగ్లీషు చెప్పాను. అయిపోయాక అద్దాలు తీసి, నోటు నా బ్యాగులో పెట్టి, "బాగా చెప్తాండావు. రేపు భయపడొద్దు" అంది. పొయ్యి దగ్గరికి పోయింది. అప్పటికి ఇస్త్రీపెట్టె యూనిఫాం చేతి మీద పసుపు మచ్చ వేసింది.

సోమవారం నాకు ఉద్యోగం వచ్చింది. ఎవరి గొంతు భరించలేనని రాశానో ఆ గొంతుతోనే అమ్మ ఆ కబురు వీధంతా చెప్పింది. మర్నాటి నుంచి క్యారియరు పొద్దున్నే కట్టి నా చేతికిచ్చేది. హోటలు ఉన్న వీధిలోకి ఆమె మళ్ళీ రాలేదు.

క్షమించమని నేను అడగలేదు. కౌంటరులో రోజుకు ముప్పైసార్లు సారీ అంటాను. ఏసీ పనిచేయకపోతే సారీ, టీ ఆలస్యమైతే సారీ. ఇంట్లో ఆ మాటకు మాకు మాట లేదు. మేమెవ్వరం ఒకరినొకరం అట్లా అడిగి ఎరగం, తప్పు చేసినవాళ్ళు రెండు రోజులు ఎక్కువ పని చేస్తారు, అంతే. నేను రెండు రోజులు ఇల్లు తుడిచాను. అమ్మ చీపురు లాక్కుంది.

తెలుగు అక్షరాలు నేను ముప్పై దాటాక ఫోనులో చూసి దిద్దుకున్నాను. మన భాష మన లిపిలో రాయాలన్న గౌరవంతో నేర్చుకున్నానని అందరికీ చెబుతాను. ఇది రాస్తుంటే ఇంకో సంగతి తెలిసి పెన్ను కాసేపు పక్కన పెట్టాను. ఈ అక్షరాలు మా అమ్మకు రావు.

పోయిన నెల ఆమె కళ్ళకు పొర వచ్చిందని కదిర్కామం ఆసుపత్రికి తీసుకుపోయాను. చీటీ రాసే కౌంటరు దగ్గర మా ముందు పాతిక మంది ఉన్నారు. వరుసలో ముందామెతో, వెనకామెతో అమ్మ మాట కలిపింది, అరగంటలో వాళ్ళ కోడళ్ళ సంగతులు కూడా రాబట్టింది. మా వంతు వచ్చింది. కౌంటరులో అమ్మాయి తల ఎత్తకుండా, "అవ్వా, కూడా వచ్చింది ఎవరు? మీకేమవుతుంది?" అని తమిళంలో అడిగింది.

అమ్మ నావైపు తిరిగింది. ఆ పొర కమ్మిన కళ్ళతో నా ముఖం చూస్తూ ఆగింది. అంతకుముందు బ్యాంకులో, పెళ్ళిళ్ళలో కూడా ఎవరైనా అడిగితే ఆమె ఇట్లాగే ఆగడం నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడూ చెవి సరిగా వినపడలేదేమో అనుకొని నేను దాటేశాను.

"నేను కూతురిని. ఈమె మా అమ్మ" అన్నాను. అవసరానికి మించి గట్టిగా అన్నాను. వరుసలో వాళ్ళు తిరిగి చూశారు.

అమ్మ కౌంటరు వైపు తిరిగి మెల్లగా అంది, "పాప చెప్పింది గదమ్మా. అట్లనే రాసుకో."