మిరపచేను దాకా వచ్చిన కథ

పాత టేపుల పెట్టె మూత తీయగానే పులిసిన గంజిలాంటి వాసన వస్తుంది. మా రేడియో కేంద్రంలో వాటిని ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాం. నిన్న ఒక టేపు తిరగడం మొదలవగానే కాసేపు గరగర, ఆ తర్వాత సరోజినిగారి గొంతు వినిపించింది. గదిలో ఉన్న కొత్తవాళ్ళకు అది ఎవరిదో తెలియదు. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో నేను ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాను.

సరోజినిగారు గుంటూరు వైపు కలిగిన రైతు కుటుంబంలో పుట్టారు. అమెరికాలో నల్లవారి పోరాటాల మీద అక్కడి రేడియోలు ఎప్పుడో చేసిన కార్యక్రమాలు సంపాదించి, ఆ గొంతులను వెనక వినిపిస్తూ తెలుగులో కథలా చెప్పేవారు. బస్సులో వెనక సీట్లకు నెట్టినందుకు జనం బస్సులెక్కడమే మానేసి పనులకు నడిచి వెళ్ళిన భాగం చాలామందిని కదిలించింది. దాన్ని పల్లెల్లో ఆరుబయట వినిపించి, విన్నవాళ్ళ మాటలు రికార్డు చేసేవాళ్ళం. అలా ఆవిడ పుట్టినూరికీ వెళ్ళాం. అక్కడ వ్యవసాయం చూసుకునే వాళ్ళ అన్నయ్య ముందు వరసలో కూర్చుని విని, కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. "ఎంత అన్యాయం చేశారమ్మా. వాళ్ళు మాత్రం మనుషులు కారా?" అన్నారు.

ఆయన లేచి వెళ్ళాక, మిరపకాయల కోతకు వెళ్ళే మరియమ్మ మైకు దగ్గరికి వచ్చింది.

"కథ బాగానే ఉందమ్మా. మీ అన్నయ్యగారి చేలో మాకు గ్లాసివ్వరు. దోసిలి పట్టమని పైనుంచి నీళ్ళు పోస్తారు. అది కూడా రేడియోలో వచ్చిద్దా?"

సరోజినిగారు టేపు వెనక్కి తిప్పారు. మరియమ్మ మాటలు ఆమెకే వినిపించి, "ఇది వేస్తే నీకు పని పోతుందేమో. పేరు తీసేయనా?" అని అడిగారు.

"ఉంచండమ్మా. కోతకెళ్ళే ఆడోళ్ళం అందరం ఒక మాట మీదున్నాం."

తిరిగి వస్తుంటే జీపులో నేనే అన్నాను, "ఎవరో ఒక రైతు చేలో అని చెబితే సరిపోదా అండీ?" అని. ఆవిడ కిటికీ వైపు చూస్తూ, "అమెరికా వాళ్ళ పేర్లన్నీ చెప్పాను కదే. అన్నయ్య దగ్గరికొచ్చేసరికి నోరు పడిపోవాలా?" అన్నారు. ఆ భాగం ప్రసారమైన రోజు చివర్లో తన మాటగా ఒకటి కలిపారు. ఆ చేను తన పుట్టింటిదనీ, అందులోనే ఆడుకుంటూ పెరిగి కూడా గ్లాసు ఎందుకివ్వరని తాను ఎన్నడూ అడగలేదనీ.

మర్నాడే అన్నయ్య ఆఫీసుకు వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఊళ్ళో ఇంకెవరి పరువూ దొరకలేదా నీకు?"

"ఆ కథ విని నువ్వే ఏడ్చావు కదన్నయ్యా."

"అది వేరు, ఇది వేరు."

"ఎట్లా వేరో చెప్పు. అదీ రేడియోలో వేస్తాను."

ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. గ్లాసిచ్చేదాకా రామని, ఆ వారం ఆయన చేలో కోతకు ఒక్క మనిషీ రాలేదు. పండిన కాయ చెట్టుమీదే వడలిపోతుంటే, చివరికి నీళ్ళ బిందె పక్కన గ్లాసులు పెట్టించారు. ఆ కబురు నేను సంతోషంగా మోసుకెళ్తే సరోజినిగారు నవ్వారు. "మనసు మారి పెట్టలేదే, కాయ పోతుందని పెట్టాడు. పోనీలే, గ్లాసు చేతికొచ్చింది కదా."

ఆవిడకు మాత్రం పుట్టిల్లు పోయింది. మేనకోడలి పెళ్ళికి పిలుపు రాలేదు. ఆ రోజు పట్టుచీర కట్టుకుని స్టూడియోకి వచ్చి, సాయంత్రం దాకా టేపులు సరిచూస్తూ కూర్చున్నారు. చనిపోయేదాకా ఆవిడ మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

ఈమధ్య నల్లవారి చరిత్ర గురించి కాలేజీ విద్యార్థులతో రేడియో కోసం ఒక చర్చ నడిపాను. అక్కడి అన్యాయాల గురించి అందరూ చక్కగా, ధారాళంగా మాట్లాడారు. అంతా అయ్యాక, "మరి మీ ఊళ్ళో?" అని అడిగాను. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ మౌనాన్ని కత్తిరించేద్దామన్నాడు ఎడిటింగ్ చేసే అబ్బాయి. వద్దన్నాను. ఎందుకంటే దాని తర్వాతే, వెనక కూర్చున్న ఒకమ్మాయి గొంతు సవరించుకుని, "నేను చెప్తానండి" అంది.